ఒక ముడికి ఒకే చెయ్యి

కొండ మీద టూరిస్టులను తిప్పే గైడ్లందరిలోకీ పిరికిది ఎవరని అడిగి చూడండి. టికెట్ల షెడ్డులో కూర్చునే గుమాస్తా దగ్గర్నుంచి జీపు డ్రైవర్ల దాకా అందరూ ఒకే మనిషిని చూపిస్తారు. ఆవిడని తాడక్క అంటారు. అసలు పేరు కట్టుకున్న మొగుడికైనా గుర్తుందో లేదో అనుమానమే.

తాడక్కకి జలగంటే భయం, పిడుగంటే భయం, నాచు పట్టిన రాయంటే భయం. లోయ సంగతి చెప్పక్కర్లేదు. వ్యూపాయింట్ దగ్గర మిగతా గైడ్లు ఇనుప కమ్మీ మీద కూర్చుని కాళ్ళు ఊపుతుంటే, ఈవిడ కమ్మీని రెండు చేతులా పట్టుకుని, ఎదురు కొండ మీది జలపాతాన్ని గడ్డంతో చూపిస్తుంది. చేతులు ఖాళీగా ఉంటేగా! ఇంత భయస్తురాలివి ఈ పనికెందుకు వచ్చావమ్మా అని టూరిస్టులు అడుగుతారు. "ఏం చెయ్యను? పొద్దున్నే కాఫీ తోట దాటి పైకెళ్ళి ఆ నీళ్ళ చప్పుడు వినకపోతే నాకు అన్నం సయించదు," అంటుంది. నిజమే. భయం ఎంతో ఇష్టమూ అంతే. రెండూ పెట్టుకుని రోజూ కొండెక్కుతుంది.

ఆ భయంలోంచే తాడు పుట్టింది. మధ్యాహ్నం దాటాక లోయలోంచి పొగమంచు లేస్తుంది. లేచిందంటే మీ చెయ్యి మీకే కనబడదు. అప్పుడు తాడక్క భుజానికి చుట్టుకున్న పొడవాటి తాడు విప్పుతుంది. మనిషికో ముడి. ఎంతమంది ఉంటే అన్ని ముడులే ఉంచుతుంది, ఒక్కటి కూడా ఎక్కువ ఉండనివ్వదు. ముందు కొస ఆవిడ చేతిలో, వెనక కొస గుండె నిబ్బరం ఉన్న మనిషి చేతిలో. వెనక మనిషి మధ్యమధ్యలో తాడుని గుంజాలి. గుంజితే "అందరం ఉన్నాం, పదండి" అని అర్థం. గుంజకపోతే తాడక్క అక్కడే ఆగిపోతుంది.

ఇక బయల్దేరే ముందు ఆవిడ చెప్పే పాఠం ఒకటుంది. ఆ పాఠం చెట్ల మీద కోతులకి కూడా వచ్చేసి ఉంటుంది.

"ఒక ముడికి ఒకే చెయ్యి. ఇద్దరు ఒకదాన్నే పట్టుకుంటే, ఒకరి కాలు జారితే ఇద్దరూ పోతారు. తప్పిపోయారా, ఉన్నచోటే కూలబడండి. ఎవరు పిలిచినా లేవకండి. నేను పిలిచినా సరే! ఎదురు కొండ గొంతుని తిప్పికొడుతుంది. దారి మీద నిలబడి పిలిస్తే లోయలోంచి పిలిచినట్టు వినబడుతుంది. నేనొచ్చి ఒంటి మీద చెయ్యి వేసేదాకా కదలొద్దు. అర్థమైందా?"

అందరూ నవ్వుతారు. మెడలో ఈల వేలాడేసుకుని తిరిగే ఇంకో గైడున్నాడు, ఈలాయన. అతను మరీను. "టూరిస్టులని తీసుకెళ్తున్నావా, మేకలని సంతకి తోలుకెళ్తున్నావా తాడక్కా?" అంటాడు. మొగుడు జీపు డ్రైవరు. అతనూ ఆ నవ్వుల్లో గొంతు కలిపేవాడే. ఇంటి మనిషే అలా ఉంటే బయటివాళ్ళనేం అనుకుంటాం!

కానీ తాడక్క పిరికితనాన్ని అందరికంటే ఎక్కువ ఉతికి ఆరేసింది ఆవిడ వదిన. మొగుడికి అక్క. కింద మైదానంలో పట్నం బస్సు కండక్టరు. బస్సులో పేచీ పెట్టిన తాగుబోతుని కాలరు పట్టుకుని దింపేసే మనిషి. ముసలివాళ్ళు నిలబడి ఉండగా కుర్రాళ్ళు సీట్లలో కూర్చుంటే, లేపి మరీ పెద్దవాళ్ళని కూర్చోబెడుతుంది. ఎవరి మాటా చెవిన పెట్టదు. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు ఉరిమితే తాడక్క వంటింట్లో బియ్యం డబ్బా వెనకాల దూరింది. ఆ రోజు నుంచి వదిన నోట్లో ఆవిడ పేరు "పిరికీ". ప్రేమ లేక కాదు. ఉంది, కానీ ఆ ప్రేమ ఎప్పుడూ ఎకసెక్కంలోంచే బయటికొచ్చేది.

ఆ వదిన సెలవు పెట్టుకుని కొండకొచ్చింది. "ఏమే పిరికీ, నీ కొండేంటో, నీ తాడేంటో నేనూ చూస్తా పద," అంది.

పొద్దున్న ఇంట్లో మొదటి గొడవ చెప్పుల దగ్గర వచ్చింది. వదిన పట్టీల చెప్పులు వేసుకుని నిలబడింది. తాడక్క తన పాత కాన్వాసు బూట్లు తెచ్చి ముందు పెట్టింది.

"ఇవి వేసుకోండి వదినా. అక్కడ జారుతుంది."

"జన్మంతా నడిచే బస్సులో నిలబడ్డ కాళ్ళే ఇవి. నన్ను జార్చే కొండ ఇంకా పుట్టలేదు. జరుగు."

జీపు స్టార్టు చేసిన మొగుడు నవ్వాడు. తాడక్క బూట్లు సంచిలో పెట్టుకుంది కానీ, పైన వాటి సంగతే మర్చిపోయింది.

ఎక్కేటప్పుడు ఎండ కాసింది. షెడ్డులో అద్దెకిచ్చే పసుపు రెయిన్‌కోట్లు అందరూ నడుముకి చుట్టుకున్నారు. వదిన జలపాతాన్ని చూసి మొదటిసారి నోరు మూసుకుంది. కాసేపయ్యాక, "బాగుందే," అంది. ఆ ఒక్క మాటకి తాడక్క ఎంత పొంగిపోయిందో! ఆ సంతోషంలోనే ఒక తప్పు చేసింది. దిగేటప్పుడు మంచు కమ్మగానే తాడు విప్పి, వెనక కొస తెచ్చి వదిన చేతిలో పెట్టింది.

"చివరి ముడికి ధైర్యం ఉన్న మనిషి కావాలి వదినా. మీకంటే ఎవరున్నారు?"

"అలా చెప్పు!" అని వదిన ముడి అందుకుంది. అందరూ కోట్లు తొడుక్కుని, టోపీలు కళ్ళ దాకా లాక్కున్నారు. ఇక ఎవరు ఎవరో తెలిసే వీల్లేదు.

ఆ దారిలో ప్రాణాలు తీసే చోటు గడ్డివాలు. అప్పటిదాకా ఒక పక్కన చేతికి అందే రాతిగోడ అక్కడికొచ్చేసరికి అయిపోతుంది. దారి పచ్చికలో కలిసిపోతుంది. పచ్చిక మెత్తగా, చల్లగా కిందికి వాలుతూ పోయి, ఉన్నట్టుండి అయిపోతుంది. ఆ తర్వాత గాలి తప్ప ఏమీ లేదు. సరిగ్గా అక్కడే ఈలాయన జట్టు పైకొస్తూ ఎదురైంది. "తప్పుకోండి, తప్పుకోండి" అని అరుపులు, భుజాలు రాసుకోవడం, ఎవరి కాలో ఎవరో తొక్కడం. వాళ్ళు వెళ్ళిపోయారు. తాడక్క ఆగి, ఊపిరి బిగబట్టి చూసింది. వెనక నుంచి గుంజుడు వచ్చింది. అమ్మయ్య అనుకుని నడిచింది.

ఇంకాస్త దూరం పోయాక మళ్ళీ గుంజుడు. ఈసారి గట్టిగా. మళ్ళీ, మళ్ళీ. "బస్సులో గంట తాడు లాగీ లాగీ అలవాటైపోయింది మా వదినకి," అని తాడక్క తన వెనకే నడుస్తున్న టూరిస్టుల కొత్తజంటతో చెప్పి నవ్వింది కూడా. ఎంత గట్టిగా గుంజితే అంత హుషారుగా నడిచింది.

షెడ్డు దగ్గర మంచు పల్చగా ఉంది. తాడక్క ఎప్పటిలాగే తాడు వెంట వెనక్కి నడుస్తూ ఒక్కో చేతినీ తట్టి ముడి విడిపించింది. ఒక్క ముడీ ఖాళీ లేదు. చివరి చెయ్యి దగ్గరికొచ్చింది. ముడతలు పడ్డ చెయ్యి. మణికట్టుకి మగవాళ్ళ వాచీ.

టోపీ తొలిగింది. ఎవరో పెద్దాయన. పెదాలు నీలంగా ఉన్నాయి, గజగజ వణుకుతున్నాడు.

తాడక్కకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"మీరెవరు? మా వదినేది?"

"నేను ఆ ఈల గైడుతో పైకి వెళ్తున్నానమ్మా. ఆయాసమొచ్చి ఆగాను, వాళ్ళు ముందుకెళ్ళిపోయారు. ఆ గడ్డిలో ఏడుస్తూ నిలబడితే ఒకావిడ నా చెయ్యి పట్టుకుని ఈ ముడి మీద పెట్టింది. 'మీరు పట్టుకోండి బాబాయిగారూ, పెద్దవాళ్ళు. ఒక ముడికి ఒకే చెయ్యంట, మా మరదలు ఒప్పుకోదు. నేను మీ కోటు పట్టుకుని వస్తా. ఇదిగో, ఇలా గుంజాలి' అంది."

"మరి?"

"కాసేపు వెనకే ఉంది. 'అయ్యో, చెప్పు' అన్నట్టు వినబడింది. ఆ తర్వాత కోటు మీద బరువు లేదు. పిలిస్తే పలకలేదు. మిమ్మల్ని ఆపుదామని గుంజానమ్మా. ఎంత గుంజినా మీరు ఆగలేదు!"

ఆపమని గుంజాడు. గుంజితే నడవమని తాడక్క తనే నేర్పిన గుర్తు. ఒక ముడికి ఒకే చెయ్యి అన్నదీ తనే. జన్మలో ఎవరి మాటా వినని వదిన ఈ ఒక్కరోజు తన మాట తుచ తప్పకుండా విని, ముడి వదిలేసింది.  

జీపు దిగి పరిగెత్తుకొచ్చిన మొగుడికి విషయం తెలియగానే మొహం రంగు మారిపోయింది. "అక్కా!" అని గొంతు చించుకుని అరవబోయాడు. తాడక్క ఎగిరి అతని నోరు మూసింది. కాపురానికొచ్చాక మొగుడి మీద చెయ్యి పడటం అదే మొదటిసారి.

"అరిచారంటే మీ అక్కని మీరే చంపినట్టు. లోయలోంచి పిలిచారనుకుని అటే పోతుంది. మీరిక్కడే ఉండండి. మీ నోరు నాకు తెలుసు."

అప్పుడే పైనుంచి సన్నగా ఈల వినబడింది. ఈలాయన వ్యూపాయింట్ దగ్గర నిలబడి, తప్పిపోయిన పెద్దాయన కోసం ఊదుతున్నాడు.  వదిన కండక్టరు బతుకంతా గంట తాడు, ఈల మీదే నడిచింది. ఈల వేస్తే బస్సు కదలాలి. ఈల వినబడితే ఆవిడ కాళ్ళు వాటంతట అవే లేస్తాయి. గడ్డివాలు దగ్గర ఈ ఈల పైనుంచి వచ్చినట్టు వినబడదు. ఎదురు కొండకి తగిలి, నేరుగా లోయ నడుమ నుంచి వస్తుంది.

తాడక్క తాడు చుట్టుకుని పరుగందుకుంది. కాఫీ తోట దాటేదాకా పరుగే. ఆ తర్వాత పరిగెత్తడానికి దారి కనబడాలి కదా. రాతిగోడని తడుముకుంటూ నడిచింది. ఒళ్ళంతా చెమట, లోపలంతా చలి. వెనక్కి పోదామని కాళ్ళు మొరాయించాయి. "పదవే, పదవే" అని తనని తనే తిట్టుకుంది. చేతికింద గోడ అయిపోయింది. గడ్డివాలు మొదలైంది.

అక్కడ జాగ్రత్త బోర్డు తాలూకు ఇనుపస్తంభం ఉంది. తాడు ఒక కొస దానికి కట్టింది. మంచుకి తడిసిన తాడు, ముడి పడితే ఒట్టు. పళ్ళతో లాగి బిగించింది. మోకాళ్ళ మీదికి వంగి, ఒక చేత్తో తాడు పట్టుకుని, ఇంకో చేత్తో గడ్డిని తడుముకుంటూ వాలులోకి పాకింది. నిలబడితే కళ్ళు తిరుగుతాయని తెలుసు. పిలవకూడదని తెలుసు. "వదినా" అనే కేకని మింగేస్తోంది. ఈల మోగినప్పుడల్లా ఆగి వింటోంది. ఏదైనా జారిన చప్పుడు వస్తుందేమో, అరుపు వస్తుందేమో అని. భగవంతుడా, ఆ చప్పుడు మాత్రం వినిపించకు.

చేతికి ఏదో తగిలింది. చెప్పు. పట్టీ తెగిన చెప్పు.

తాడక్క ఆ చెప్పుని గుండెలకి అదుముకుని, గడ్డిలో బోర్లా పడి, శబ్దం రాకుండా ఏడ్చింది. బూట్లు ఇంకా సంచిలోనే ఉన్నాయి. ఎందుకు మర్చిపోయింది? ఎందుకు చివరి ముడి ఇచ్చింది? మెచ్చుకుందని పొంగిపోయి కదూ! మొగుడికి ఏం చెప్పాలి? వదిన పిల్లలకి ఏం చెప్పాలి?

అప్పుడు దగ్గు వినబడింది. ఒక్కటే. కింద ఎక్కడో, దగ్గర్లోనే.

పాకింది. తాడు అయిపోయింది. చివరి ముడి అరచేతిలో ఉంది, ముందంతా తెల్లటి మంచు. వాలు బాగా ఏటవాలుగా ఉంది, గడ్డి తడిసి నూనె రాసినట్టుంది. ఇన్నేళ్ళలో తాడక్క మంచులో తాడు వదిలిన పాపాన పోలేదు. కళ్ళు మూసుకుంది. తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. మెల్లగా వెనక్కి తిరిగి, చివరి ముడిని వదులు చేసి ఉచ్చులా తీసింది. కుడికాలి చీలమండ దాకా అందులోకి దూర్చి బిగించింది. తల కిందికి, కాళ్ళు పైకి. అలా బోర్లా జారుతూ చేతులు చాపింది. గడ్డి. గడ్డి. రాయి. రక్తమంతా తలలోకి దిగి చెవులు హోరెత్తాయి. ఇంకొంచెం చాపింది. భుజం పటుక్కుమంది.

వేళ్ళకి ప్లాస్టిక్ కోటు తగిలింది. దాని కింద, వెచ్చగా, వణుకుతున్న మనిషి వీపు.

ఆ వీపు కెవ్వున అరిచింది.

"నేనే వదినా, నేనే! నువ్వు కదలకు!" ఇన్నాళ్ళూ మీరు అని తప్ప పిలవని నోరు అది.

వదిన బోర్లా పడుకుని ఉంది. మొహం గడ్డిలో దాచుకుని, రెండు చేతులతో చెవులు మూసుకుని ఉంది. అందుకే అంతసేపూ ఈల మోగుతున్నా లేవలేదు. తాడక్క చెయ్యి పట్టుకుని చెవి మీద నుంచి తీస్తే, వదిన చిన్నపిల్లలా గబగబా చెప్పింది.

"వచ్చావా! నిజంగా నువ్వేనా? లోయలోంచి రమ్మని ఎవరో ఈల వేస్తున్నారే. కాళ్ళు లేచిపోతున్నాయి. ఒకసారి లేచాను కూడా. రెండడుగులు వేశాను, కాలి కింద ఏమీ లేదు. వెనక్కి పడ్డాను. అప్పుడు నువ్వు చెప్పింది గుర్తొచ్చింది. ఒంటి మీద చెయ్యి పడేదాకా కదలొద్దన్నావుగా. చెవులు మూసుకుని పడుకున్నా."

తాడక్క ఆ చెయ్యిని రెండు చేతులా పట్టుకుని గట్టిగా లాగింది. వదిన ఆవిడ ఒంటి మీదుగా పాకి తాడు అందుకుంది. ఇద్దరూ తాడు పట్టుకుని, మోకాళ్ళు చీరుకుపోయేలా పాకి పైకొచ్చి, ఇనుపస్తంభాన్ని చెరోవైపు నుంచీ కావలించుకుని కూర్చున్నారు.  తర్వాత తాడక్క సంచిలోంచి బూట్లు తీసి వదిన కాళ్ళకి తొడిగింది. వదిన కిక్కురుమనకుండా తొడిగించుకుంది.

దిగేటప్పుడు ఇద్దరి నడుములకీ తాడు కట్టింది. నాలుగడుగులు వేసేసరికి వెనక నుంచి గుంజుడు. తాడక్క ఠక్కున ఆగిపోయింది.

"ఏంటి వదినా?"

"ఏం లేదు. ఉన్నావా అని."

మళ్ళీ నాలుగడుగులకి అదే. షెడ్డు కనబడేదాకా అదే. విసుక్కోకుండా ప్రతిసారీ ఆగింది, ప్రతిసారీ "ఉన్నాను" అంది. గోడ దగ్గర ఒకచోట వదిన అడిగింది.

"నీకు రోజూ ఇలాగే ఉంటుందా పిరికీ? ఈ కడుపులో ఇది?"

"రోజూ ఉంటుంది."

వదిన తాడుని ఇంకా గట్టిగా పట్టుకుంది.

మర్నాడు పొద్దున్న తాడక్క తాడు ముందేసుకుని కూర్చుంది. కొసన ఒక ముడి ఎక్కువ వేసింది, మంచులో ఎవరు ఏడుస్తూ ఎదురొస్తారో తెలియదు కాబట్టి. ఇకమీదట గుంజితే ఆగడమే, నడవడం కాదని మొగుడికి చెప్పింది. అతను నవ్వలేదు. ఆ ముడిని తన చేత్తో మళ్ళీ ఒకసారి బిగించి ఇచ్చాడు.

జీపు ఎక్కబోతుంటే వెనక నుంచి ఎవరో కోటు పట్టుకుని లాగారు. వదిన. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, జడ కూడా వేసుకోలేదు.

"వెళ్ళకే. ఇవాళ్టికి మానెయ్."

"టికెట్లు ఇచ్చేశారు వదినా. జనం వచ్చి ఉంటారు."

"సాయంత్రం దాకా నేనిక్కడ ఎలా ఉండేది? మంచు లేస్తుంది, ఆ దిక్కుమాలిన ఈల మోగుతుంది. నువ్వు ఆ గడ్డిలో ఉన్నావో, లేవో... నాకు భయంగా ఉందే!"

తాడక్క ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లోంచి రోజూ కొండకి వెళ్ళింది. తన భయాన్ని చూసి నవ్వినవాళ్ళే గానీ, తన కోసం భయపడిన మనిషి ఒక్కరూ లేరు. దుఃఖం పొంగుకొచ్చింది. వదిన వేళ్ళని ఒక్కొక్కటిగా కోటు మీద నుంచి విడిపించి, ఆవిడని గుమ్మం మెట్టు మీద కూర్చోబెట్టింది.

"ఇక్కడే కూర్చో వదినా. కదలకు. నేనే వచ్చి చెయ్యి వేస్తాను."

సాయంత్రం జీపు వచ్చి ఆగేసరికి వదిన ఆ మెట్టు మీదే ఉంది. పొద్దున్న పోసిచ్చిన టీ గ్లాసు పక్కన నిండుగా చల్లారిపోయి ఉంది. తాడక్క తాడు భుజం మీద నుంచి దింపకుండానే వెళ్ళి, ఆవిడ వీపు మీద చెయ్యి వేసింది. అప్పుడు గానీ వదిన లేవలేదు.